దొంగనోటు నష్టం ఎవరి నెత్తిన?

పంట చేతికొచ్చే కాలమంటే పల్లెల్లో డబ్బు చేతులు మారే కాలం. మిర్చి, పత్తి, పసుపు, వేరుశనగ యార్డులకు చేరతాయి. సంతల్లో గొడ్లు అమ్ముడవుతాయి. కోత కూలీలకూ, ఏరుడు కూలీలకూ లెక్కలు తీరతాయి. పాత బాకీలు కడతారు, కొత్త బాకీలు తీసుకుంటారు. మిగతా రోజుల్లో రెండు పెద్దనోట్లు ఒక్కచోట కనపడని ఇంట్లో కూడా ఈ నాలుగు రోజులు నోట్ల కట్ట కనపడుతుంది. దొంగనోట్లు మార్చేవాళ్లకూ ఇదే అదను.

ఆ కట్టలో ఒక చెల్లని నోటు వచ్చిందనుకుందాం. రైతు దాన్ని అప్పు కట్టడానికి బ్యాంకుకు తీసుకెళతాడు. గుమస్తా మిషనులో వేస్తాడు, పక్కన పెడతాడు, ముద్ర కొడతాడు. అంతే, 500 రూపాయలు పోయినట్టే. ఆడకూలీకైతే చాలాచోట్ల అది ఒక రోజుకు మించిన కష్టం. నోటు అచ్చువేసినవాడు దొరకలేదు, మార్చినవాడు దొరకలేదు, మధ్యలో పది చేతులు మారినా ఎవరికీ పైసా నష్టం లేదు. చిట్టచివరి చేతిదే నష్టం యావత్తూ.

ఆ చివరి చెయ్యి ఎప్పుడూ రైతుదో, కూలీదో, గంపలో కూరగాయలు అమ్ముకునే మనిషిదో ఎందుకవుతోంది? చదువు లేకనా? అది కొంతవరకే. అసలు సంగతి వేరే ఉంది. నోటు అనుమానంగా ఉంటే “ఇది మార్చి ఇవ్వండి” అని అడగగలిగినవాడికే నోటు పరీక్ష తెలిసి లాభం. అప్పిచ్చిన కమీషన్ ఏజెంటును రైతు ఆ మాట అడగగలడా? రేపు మళ్లీ పని కావాల్సిన మేస్త్రీని కూలీ అడగగలదా? నోటు వెనక్కిచ్చే ధైర్యం కూడా ఉన్నవాడికే ఉంటోంది. కనుక గుర్తుపట్టడం ఎలాగో చెబుతూనే, ఈ సంగతి కూడా మేము గట్టిగా చెప్పదలుచుకున్నాం.

ఎంత ఉంది ఈ దొంగసొమ్ము?

రిజర్వు బ్యాంకు ఏటా వెల్లడించే లెక్కల ప్రకారం 2016-17లో బ్యాంకుల్లో పట్టుబడిన నకిలీ నోట్లు 7.62 లక్షలు. 2020-21 నాటికి అవి 2.08 లక్షలకు తగ్గాయి. 2024-25లో 2.17 లక్షలు. తగ్గిన మాట నిజమే, కాదనం. కానీ ఆ 2.17 లక్షల్లో 500 నోట్లే 1.17 లక్షలున్నాయి. అంతకు ముందు ఏడు 500 దొంగనోట్లు 85 వేల పైచిలుకు పట్టుబడితే, ఒక్క ఏడాదిలో నూటికి 37 వంతులు పెరిగాయి. కూలి లెక్కలోనూ, సంత బేరంలోనూ ఎక్కువగా తిరిగేది ఆ నోటే.

ఇవి బ్యాంకు దాకా వచ్చి పట్టుబడినవి మాత్రమే. పోలీసులు పట్టుకున్నవి ఈ లెక్కలో చేరవు. ఇంట్లో మూటకట్టి దాచుకున్నవీ, భయపడి చింపి పొయ్యిలో వేసినవీ ఏ లెక్కలోనూ చేరవు.

దొంగనోటు దారి

దొంగనోట్లు అచ్చువేసేవాడు వాటిని తానే ఖర్చుపెట్టడు. ముఖవిలువలో కొంత వంతుకు కింది వాళ్లకు అమ్ముతాడు. వాళ్లు కట్టలకు కట్టలు ఒక్కచోట మార్చరు. ఒక్కొక్క నోటు పట్టుకుని సంతకో, జాతరకో, కల్లు దుకాణానికో, చిన్న కిరాణా కొట్టుకో వెళతారు. ముప్పై రూపాయల సరుకు కొంటారు, 500 నోటిస్తారు, 470 రూపాయల మంచి చిల్లర జేబులో వేసుకుని వెళ్లిపోతారు. చీకటిపడే వేళ, జనం ఒత్తిడిలో, ముసలివాళ్లు కూర్చున్న కొట్లు చూసి మరీ వస్తారు.

ఆ కొట్టువాడికి తెలిసినా తెలియకపోయినా నోటు అక్కడ ఆగదు. తెలిస్తే మరీ ఆగదు. నష్టం తాను భరించలేక ఇంకొకరికి అంటగడతాడు. అలా తనకంటే బలహీనుడి మీదికి తోసుకుంటూ పోతే, ఎక్కడ ఇక తోయడానికి కింద ఎవరూ లేరో అక్కడ ఆగుతుంది. నీళ్లు పల్లానికి పారినట్టు దొంగనోటు కూడా పల్లానికే పారుతుంది.

మార్కెట్ యార్డులో పద్ధతి చూడండి. సరుకు కాంటా అయి, తక్‌పట్టీ రాసి, డబ్బు చేతికొచ్చేసరికి చాలాసార్లు పొద్దు గూకుతుంది. వెంటనే నగదు కావాలంటే కొందరు వ్యాపారులు ‘క్యాష్ కటింగ్’ పేరుతో నూటికి ఇంతని కోసుకుంటారు. కోత పోను మిగిలిన నోట్లు గబగబా లెక్కపెట్టి ఇస్తారు. బండివాడు తొందర పెడుతుంటాడు. హమాలీ కూలి, దడవాయి కూలి అక్కడే ఇవ్వాలి. ఆ నిమిషంలో ఏ రైతు ప్రతి నోటునూ దీపానికి పెట్టి చూస్తాడు? చూసినా, ఊరికి చేరాక బయటపడిన నోటును పట్టుకుని మర్నాడు తిరిగొస్తే, “మేమిచ్చింది ఇది కాదు” అన్న ఒక్క మాటతో సరి. రుజువు ఏదీ?

2016 చెప్పిన పాఠం

దొంగనోట్లను అరికట్టడమే ఒక కారణంగా చెప్పి 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లను రద్దుచేశారు. చలామణిలో ఉన్న సొమ్ములో నూటికి 86 వంతులు ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయాయి. అప్పుడు రబీ విత్తనాల అదను. నవంబరు 14న జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాతనోట్లు తీసుకోకూడదని ఆజ్ఞ వచ్చింది. రైతు బ్యాంకు అంటే చాలా ఊళ్లలో అదే. పాత 500 నోటుతో ప్రభుత్వ విత్తన కేంద్రాల్లో విత్తనాలు కొనుక్కోవచ్చని నవంబరు 21న గానీ అనుమతి రాలేదు. దుక్కిలో తేమ అంతవరకు ఆగుతుందా?

ఇంతాచేసి ఆ వడపోతలో ఎంత దొంగసొమ్ము తేలింది? రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల్లో 15.31 లక్షల కోట్లు, అంటే నూటికి 99.3 వంతులు తిరిగి బ్యాంకులకు చేరాయని రిజర్వు బ్యాంకే 2018లో ప్రకటించింది. నిజానికి నోట్ల రద్దుకు ముందే కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ అధ్యయనం చేసి, ఏ సమయంలో చూసినా దేశంలో తిరిగే నకిలీ నోట్ల విలువ సుమారు 400 కోట్ల రూపాయలని అంచనా వేసింది. దాన్ని రద్దయిన సొమ్ముతో పోల్చి చూడండి. నూరు రూపాయలకు మూడు పైసలు కూడా కాదు. మూడు పైసల కలుపు తీయడానికి మొత్తం చేను దున్నేశారన్నమాట.

కొత్తగా వచ్చిన 2000 నోటుకైనా నకిలీ రాలేదా? 2016-17లో బ్యాంకుల్లో 638 పట్టుబడ్డాయి. మరుసటి ఏడు 17,929. చివరికి ఆ నోటునే 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. (ఇంకా ఎవరి దగ్గరైనా 2000 నోటు మిగిలి ఉంటే అది చెల్లని కాగితం కాదు. మామూలు బ్యాంకులో మార్పిడి గడువు 2023 అక్టోబరు 7తో ముగిసింది గానీ, హైదరాబాదుతో సహా రిజర్వు బ్యాంకు కార్యాలయాల ద్వారా మార్చుకునే వీలు అటు తర్వాత కూడా కల్పించారు. సగం ధరకు దళారీకి అమ్ముకోకండి.)

చేత్తో, కంటితో పట్టుకోవడం

నాణెం పరీక్ష మన పల్లెలకు కొత్త కాదు. వెండి రూపాయల కాలంలో సరాబు రూపాయిని రాతిమీద వేసి మోత విని మంచిచెడ్డలు చెప్పేవాడు. చెప్పినందుకు వట్టం తీసేవాడు. నిజాం ఇలాకాలో హాలీ సిక్కా వేరు, ఇంగ్లీషువాళ్ల కల్దార్ వేరు. నూరు కల్దార్ రూపాయలకు సుమారు 116 హాలీ రూపాయలు పెట్టవలసి వచ్చేది. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించినప్పుడు, నకిలీలను అడ్డుకోవడానికి నాణెం అంచుకు ప్రత్యేకమైన గీత పెట్టారు. ఆ రోజుల్లో నాణెం పరీక్ష సరాబు చేతిలోని విద్య. ఈ రోజు అది అందరి చేతిలోనూ ఉండాలి. 500 నోటును ఉదాహరణగా తీసుకుందాం.

మొదట తడిమి చూడండి. నోటు కాగితం మామూలు కాగితం కాదు, పత్తి నారతో చేసింది. పత్తి పండించే చేతికి ఆ బిరుసు తెలుస్తుంది. మంచి నోటు మీద గాంధీ బొమ్మ, కుడివైపు అశోక స్తంభం, అంచుల్లోని ఏటవాలు గీతలు వేలికి ఉబ్బెత్తుగా తగులుతాయి. 500 నోటుకు రెండు అంచుల్లోనూ ఐదేసి గీతలు, ఒక గుండ్రటి గుర్తు ఉంటాయి. 200 నోటుకు నాలుగేసి గీతలు, వాటి మధ్య రెండు చిన్న సున్నలు ఉంటాయి. 100 నోటుకు నాలుగేసి గీతలు, ముక్కోణపు గుర్తు ఉంటాయి. చూపులేనివారి కోసం పెట్టిన ఈ గుర్తులు చీకట్లో డబ్బు తీసుకునే వాళ్లందరికీ అక్కరకొస్తాయి. అయితే బాగా నలిగిన నోటు మీద ఉబ్బు అరిగిపోతుంది. కనుక ఈ ఒక్క పరీక్షతోనే తేల్చేయకూడదు.

తర్వాత వంచి చూడండి. నోటులో పొదిగిన దారం నేరుగా చూస్తే ఆకుపచ్చగా, వంచితే నీలంగా కనపడుతుంది. 500, 200 నోట్ల మీద కుడి అడుగున రూపాయి గుర్తుతో ఉన్న అంకె కూడా అలాగే రంగు మారుతుంది. దొంగనోటు మీద దారంలాగా మెరిసే పట్టీ అతికిస్తారు, లేదా రంగు పూస్తారు. మెరుస్తుంది గానీ పచ్చ నీలం కాదు. మా దృష్టిలో అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇదే. అర నిమిషం కూడా పట్టదు.

మూడోది, వెలుతురుకు ఎత్తి చూడండి. కుడిపక్క తెల్లటి ఖాళీలో గాంధీ బొమ్మ, 500 అంకె నీడలాగా కాగితం లోపల నుంచి కనపడాలి. బల్లమీద పెట్టినప్పుడు కూడా ఆ బొమ్మ కొట్టొచ్చినట్టు కనపడుతోందంటే అనుమానించాలి. అది పైన పూసింది కావచ్చు. ముక్కలు ముక్కలుగా కనపడే దారం వెలుతురులో ఒకే గీతగా కనపడాలి. ఎడమపక్క ఒక వైపు సగం, రెండో వైపు సగం అచ్చయిన అంకె రెండూ కలిసి పూర్తి 500 కావాలి.

నాలుగోది, నంబరు చూడండి. మంచి నోటు మీద నంబరులోని అంకెలు ఎడమ నుంచి కుడికి చిన్నవి పెద్దవవుతూ పోతాయి. ఒకే కట్టలో ఒకే నంబరు రెండు నోట్ల మీద ఉంటే ఇక సందేహమే లేదు. నకిలీ ముఠాలు తరచు ఒక్క నోటునే పెట్టి వందలు తీస్తాయి.

ఒక్క గుర్తు తప్పినంత మాత్రాన గాభరా పడొద్దు. రెండు మూడు గుర్తులు తప్పితే తీసుకోవద్దు. పుకార్లు కూడా నమ్మొద్దు. దారం గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే దొంగనోటనీ, నంబరులో నక్షత్రం ఉంటే దొంగనోటనీ ప్రచారం జరిగింది. రెండూ అబద్ధమే. అచ్చులో పాడైన నోటు బదులు వేసిన మంచి నోటుకే నక్షత్రం గుర్తు పెడతారు. అలాగే రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ అనే ఫోను సాధనం నోటు ఎంతదో చెబుతుందే గానీ అసలుదో నకిలీదో చెప్పదు. చిరిగిన నోటు వేరు, దొంగనోటు వేరు. చిరిగిన నోటును ఏ బ్యాంకు శాఖలోనైనా నిబంధనల ప్రకారం మార్చి ఇవ్వాలి. దానికి వట్టం కట్టనక్కరలేదు.

పది రూపాయల బిళ్ల కథ

ఇప్పుడు తిరగేసి చూడండి. అనుమానపు నోటు పేదవాడు తీసుకోక తప్పడం లేదు. మరి పేదవాడు ఇచ్చే మంచి నాణెం? “పది రూపాయల బిళ్లలు చెల్లవు” అంటూ మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి కొట్లలో, బస్సుల్లో నిరాకరించారు. పది గీతలున్నది మంచిదనీ, పదిహేను గీతలున్నది దొంగదనీ, రూపాయి గుర్తు లేకపోతే చెల్లదనీ తలా ఒక మాట. రూపాయి గుర్తు పుట్టిందే 2010లో. అంతకు ముందు కొట్టిన బిళ్ల మీద అది ఎలా ఉంటుంది?

2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది: అప్పటికి 14 రకాల పది రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆ పైన ఉన్న నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయి. అర్ధరూపాయి కూడా పది రూపాయల దాకా చెల్లుతుంది. పావలా, అంతకు కిందివి మాత్రమే 2011 జూన్ 30తో రద్దయ్యాయి. బ్యాంకు శాఖలు నాణేలు తీసుకోవలసిందే. నాణేలు కొట్టే నాలుగు టంకశాలల్లో ఒకటి మన హైదరాబాదులోనే ఉంది. అక్కడ కొట్టిన నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. అదీ అనుమానించవలసిన గుర్తు కాదు.

దొంగ నాణేలు అసలే లేవని మేము అనడం లేదు. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్ల వెడల్పు, 7.71 గ్రాముల బరువు, బయట పసుపు చుట్టు, లోపల తెల్ల బిళ్ల. అనుమానం వస్తే అదే రకం మంచి బిళ్ల పక్కన పెట్టి వెడల్పు, మందం, అక్షరాల పదును చూడండి. రెండు లోహాల మధ్య సందు కనపడినా, అక్షరాలు మసకబారి ఉన్నా పక్కన పెట్టండి.

కానీ పుకారు వల్ల జరిగిన నష్టం దొంగ నాణేల నష్టం కంటే ఎక్కువన్నది మా అభిప్రాయం. ఆకుకూర కట్టలమ్మే మనిషి గల్లా నిండా ఇవే బిళ్లలు. వాటిని కొట్టువాడు తీసుకోకపోతే, పదికి ఎనిమిదో తొమ్మిదో ఇస్తానన్న వాడికి అమ్ముకోవాలి. పాతకాలపు వట్టం మళ్లీ వచ్చినట్టే కదా! బలవంతుడిచ్చింది అనుమానంగా ఉన్నా చెల్లుతుంది, బలహీనుడిచ్చింది మంచిదైనా చెల్లదు. డబ్బు మీద ముద్ర సర్కారుదే గానీ, చెల్లుబాటు తేల్చేది మాత్రం ఎదురుగా నిల్చున్నవాడి బలాబలాలు.

చట్టం ఏమంటోంది?

దొంగనోటు దొరికితే పోలీసులు పట్టుకెళతారన్న భయంతో చాలామంది దాన్ని గుట్టుగా ఇంకొకరికి తోసేస్తారు. ఇదే పెద్ద పొరపాటు. తెలియక దగ్గర ఉండడం నేరం కాదు. తెలిసి మార్చడం నేరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 179వ సెక్షను ప్రకారం తెలిసి మార్చితే పదేళ్ల దాకా జైలు, లేదా యావజ్జీవం. తెలిసి, మార్చే ఉద్దేశంతో దగ్గర పెట్టుకుంటే 180వ సెక్షను కింద ఏడేళ్ల దాకా పడవచ్చు. న్యాయమైన మార్గంలో వచ్చిందని చూపించగలిగితే నేరం కాదని ఆ సెక్షనులోనే ఉంది.

2001లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ కేసు ఒకటి విచారించింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు కిలో మామిడిపళ్లు కొని 100 రూపాయల దొంగనోటు ఇచ్చాడని కింది కోర్టులు శిక్ష వేశాయి. అది దొంగనోటని అతనికి తెలుసునని రుజువు కానిదే శిక్ష వేయకూడదని సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది. మంచి తీర్పే. కానీ ఒక పేదవాడు వంద రూపాయల నోటు కోసం ఢిల్లీ దాకా పోవలసి వచ్చిందన్నది కూడా మరిచిపోకూడదు.

బ్యాంకు నిబంధన ఏమిటంటే, నకిలీ నోటును బ్యాంకువాళ్లు ముద్ర కొట్టి తమ దగ్గరే ఉంచుకోవాలి, తెచ్చినవారికి రసీదు ఇవ్వాలి. తిరిగి ఇవ్వకూడదు, చింపేయకూడదు. ఒకేసారి నాలుగు నోట్ల దాకా దొరికితే నెలాఖరున పోలీసులకు పంపే పట్టికలో చేరుస్తారు. ఐదు, అంతకు మించి దొరికితేనే వెంటనే కేసు పెట్టాలి. 100, ఆ పైన నోట్లను మిషనుతో పరీక్షించకుండా బ్యాంకు తిరిగి జనానికి ఇవ్వకూడదు. ఏటీఎంకూ ఇదే వర్తిస్తుంది. అయినా 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలోని ఒక ఏటీఎం నుంచి పిల్లల ఆట నోట్లు బయటికొచ్చాయి. కనుక ఏటీఎం ముందైనా, బ్యాంకు గడప దాటకముందైనా నోట్లు చూసుకోవడం మేలు.

చేయవలసినవి

రైతులూ, కూలీలూ విడివిడిగా చేయగలిగింది కొంతే. వెలుతురుండగానే డబ్బు తీసుకోండి. ఇచ్చినవాడి ఎదుటే దారం వంచి చూడండి. తక్‌పట్టీ లేకుండా సరుకు అప్పగించకండి. ఎవరిచ్చిన కట్టను వారి పేరు రాసి వేరుగా ఉంచండి. చెల్లని నోటు బయటపడితే రసీదు అడిగి తీసుకోండి. కూలి ముఠాలో ఒక్కరు కాదు, అందరూ కలిసి ఒకేచోట నోట్లు చూసుకుంటే మేస్త్రీ ఎవరినీ కసరలేడు.

మిగిలింది సంఘటితంగా అడిగి సాధించుకోవలసినది. ప్రతి మార్కెట్ యార్డులోనూ, గొడ్ల సంతలోనూ జనం వాడుకునేలా నోట్లు పరీక్షించే మిషను, దానికొక మనిషి ఉండాలి. సెస్సు వసూలు చేసే మార్కెట్ కమిటీకి ఇది భారం కాదు. యార్డు దాటకముందు పరీక్షించిన నోటుకు వ్యాపారి బాధ్యత వహించాలి. ‘క్యాష్ కటింగ్’ లేకుండా గడువులోగా రైతు ఖాతాలో డబ్బు పడాలి. పది రూపాయల బిళ్ల తీసుకోని కొట్లమీద, శాఖలమీద చర్య ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, తెలియక నష్టపోయినవారికి పరిహారం. అలా ఇస్తే జనం కావాలని దొంగనోట్లు తెస్తారని అధికారులు అనవచ్చు. ఏడాదికి ఒకటి రెండు నోట్లకే పరిమితం చేయండి, ఆధారం చూసి ఇవ్వండి. తెచ్చినవారి వివరాలు రసీదులో ఎలాగూ ఉంటాయి. నోటు అచ్చువేసే అధికారం ప్రభుత్వానిది, దొంగ అచ్చును ఆపే బాధ్యతా ప్రభుత్వానిదే. ఆ బాధ్యతలో లోటు జరిగినప్పుడు జరిమానా మాత్రం పత్తి ఏరిన చెయ్యి కట్టాలా? పైగా పరిహారం ఉంటే దొంగనోటు దాచేవాడు, తోసేవాడు తగ్గుతారు, బ్యాంకుకు తెచ్చేవాడు పెరుగుతాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి పోలీసులకు అంతకంటే మంచి దారి మరొకటి లేదు.